సింగపూర్‌లో రెండు రోజులే ఉంటే ఏం తినాలి, ఏం చూడాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

సింగపూర్ వీకెండ్ ట్రిప్ అనగానే అందరూ ముందు అడిగేది యూనివర్సల్ స్టూడియోస్ టికెట్ గురించి. తిండి గురించి అడిగితే "మన ఫుడ్ దొరుకుతుందా" అన్నంత వరకే. నా ఉద్దేశంలో ఆ ఊరిని తక్కువ టైమ్‌లో తెలుసుకోవాలంటే హాకర్ సెంటర్‌లో (చిన్న చిన్న తిండి స్టాల్స్ అన్నీ ఒకే చోట ఉండే షెడ్) కూర్చుని తినడం కన్నా మంచి దారి లేదు, అందుకే ఇక్కడ జవాబులన్నీ ముందు తిండి, దాని చుట్టూ చూడాల్సినవి, ఆ లెక్కలోనే రాశా.

రెండు రోజులు సరిపోతాయా అసలు?

ఊరు చూడ్డానికి సరిపోతాయి. ఊరితో పాటు సెంతోసా (యూనివర్సల్ స్టూడియోస్ ఉన్న దీవి), జూ, నైట్ సఫారీ, షాపింగ్ అన్నీ కావాలంటే నాలుగు రోజులైనా చాలవు. చిన్న దేశం, మెట్రో బాగుంటుంది, ఒక చోటి నుంచి ఇంకో చోటికి అరగంటలో పడతారు కాబట్టి లిస్టు పెంచుకుంటూ పోవాలనిపిస్తుంది, కానీ అక్కడి ఉక్కపోతలో మధ్యాహ్నానికే ఒళ్ళు హూనమైపోతుంది. రోజుకి రెండు పేటలు పెట్టుకోండి, ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం. మధ్యలో ఏసీలోకి వెళ్ళిపోండి.

హాకర్ సెంటర్ అంటే ఫుడ్ కోర్టేనా?

చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ కాదు. ఒకప్పుడు సింగపూర్ వీధుల్లో తోపుడు బండ్ల మీద అమ్ముకునేవాళ్ళందరినీ ప్రభుత్వం 1970ల్లో నీళ్ళు, డ్రైనేజీ ఉన్న షెడ్లలోకి మార్చింది, అవే ఇప్పటి హాకర్ సెంటర్లు. ఇప్పుడు 110 పైనే ఉన్నాయి. చాలా వాటికి ఏసీ ఉండదు, పైన ఫ్యాన్లు తిరుగుతుంటాయి అంతే. ఒక్కో స్టాల్‌లో ఒకటో రెండో ఐటమ్సే చేస్తారు, అదే పని ముప్పై నలభై ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళు ఉన్నారు, చైనీస్, మలయ్, ఇండియన్ వంటలు అన్నీ ఒకే కప్పు కింద. 2020 డిసెంబర్‌లో యునెస్కో ఈ హాకర్ కల్చర్‌ని తన సాంస్కృతిక వారసత్వం లిస్టులో చేర్చింది. మాల్స్‌లో ఉండే ఏసీ ఫుడ్ కోర్టులు వేరు, అక్కడ రేటు కొంచెం ఎక్కువ, ఎండలో తిరిగి తిరిగి వచ్చినప్పుడు మాత్రం అవి కూడా ప్రాణానికి హాయిగానే ఉంటాయి.

వెళ్ళాక ఎలా ఆర్డర్ ఇవ్వాలి, ఎక్కడ కూర్చోవాలి? మాకు కంగారుగా ఉంది.

కంగారు అక్కర్లేదు, ఎవరూ ఏమీ అనుకోరు. ముందు టేబుల్ చూసుకోండి. ఖాళీ టేబుల్ మీద ఒక టిష్యూ ప్యాకెట్టో గొడుగో కనపడితే అది ఎవరో మర్చిపోయింది కాదు, వాళ్ళు సీటు ఆపుకుని తిండి తెచ్చుకోడానికి వెళ్ళారన్నమాట, దాన్ని తీసి కూర్చోకండి. మీరూ అలాగే ఆపుకోవచ్చు. టేబుల్‌లో రెండు సీట్లు ఖాళీ ఉంటే అడిగి కూర్చోవడం మామూలే, పక్కన ఎవరో తెలియనివాళ్ళు తింటుంటారు, అలా కూర్చున్నప్పుడే మీరేం తింటున్నారు అని మాట కలుస్తుంది, ఏ స్టాల్ మంచిదో కూడా వాళ్ళే చెప్తారు.

తర్వాత స్టాల్ దగ్గర లైన్‌లో నిలబడి ఆర్డర్ ఇచ్చి డబ్బులిచ్చి ప్లేటు మీరే తెచ్చుకోవాలి. కొన్ని చోట్ల టేబుల్ నంబర్ చెప్తే తెచ్చిపెడతారు. డ్రింక్స్‌కి స్టాల్ వేరే ఉంటుంది. పెద్దవాళ్ళు నడిపే స్టాల్స్‌లో ఇంగ్లీషు తక్కువ రావచ్చు, బోర్డు మీద బొమ్మ చూపించి వేళ్ళతో ఎన్నో చెప్తే చాలు.

తిన్నాక ట్రే తీసుకెళ్ళి ట్రే రిటర్న్ ర్యాక్‌లో పెట్టాలి. ఇది మర్యాద ఒక్కటే కాదు, 2021 సెప్టెంబర్ నుంచి రూల్. మొదటిసారి వార్నింగ్, రెండోసారి 300 డాలర్ల ఫైన్. హలాల్ ట్రేలకి, మిగతా ట్రేలకి ర్యాకులు వేరువేరుగా ఉంటాయి, బోర్డు చూసి పెట్టండి.

ఏ స్టాల్ మంచిదో ఎలా తెలుస్తుంది?

లైన్ చూడండి, అందులో ఎవరున్నారో కూడా చూడండి. ఫోన్లు పట్టుకున్న టూరిస్టులే ఉంటే అది ఏదో వీడియోలో వచ్చిన స్టాల్, బాగుండొచ్చు గానీ ముప్పావుగంట నిలబడాలి. మెడలో ఆఫీసు ఐడీ కార్డులు, పక్క బ్లాక్ నుంచి గిన్నె పట్టుకుని వచ్చిన పెద్దావిడ, ఇలాంటి వాళ్ళుంటే కళ్ళు మూసుకుని నిలబడొచ్చు. రెండు రోజుల ట్రిప్‌లో ఒక్క ప్లేటు కోసం గంట లైన్‌లో ఉండటం నాకు అస్సలు నచ్చదు, పక్క స్టాల్‌లో కూడా అదే వంట తొంభై శాతం అంత బాగా ఉంటుంది.

ఇంకో విషయం, స్టాల్స్‌కి వారంలో సెలవు రోజులు ఉంటాయి, చాలామంది సోమవారమో మంగళవారమో మూస్తారు. కొన్ని మధ్యాహ్నం రెండింటికే సరుకు అయిపోయి కట్టేస్తారు. ఒక స్టాల్ కోసమే వెళ్తుంటే ముందు రోజే చెక్ చేసుకోండి.

నాన్ వెజ్ తింటాం. మొదటిసారి ఏవి తినాలి?

హైనానీస్ చికెన్ రైస్‌తో మొదలుపెట్టండి. చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది, తెల్లగా ఉడికించిన చికెన్, అన్నం, రెండు కీరా ముక్కలు. మసాలా కోసం వెతక్కండి, అసలు సంగతంతా అన్నంలో ఉంది. కోడి కొవ్వులో అల్లం వెల్లుల్లి వేయించి కోడి ఉడికిన నీళ్ళలోనే ఆ అన్నం వండుతారు, ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలుస్తుంది. చికెన్‌ని ఉడికిన వెంటనే చల్లటి నీళ్ళలో ముంచుతారు కాబట్టి తోలు కింద సన్నగా జెల్లీలా ఉంటుంది, దానికి భయపడకండి. పక్కన ఇచ్చే ఎర్ర చిల్లీ సాస్, అల్లం ముద్ద, నల్ల సోయా సాస్ మూడూ కొంచెం కొంచెం కలుపుకుని తినాలి. అన్నం వట్టిదే తిని "చప్పగా ఉంది" అని లేచిపోయేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

తర్వాత లక్సా, కొబ్బరిపాల పులుసులో నూడుల్స్, రొయ్యలు. కటాంగ్ అనే పేట వైపు లక్సాలో నూడుల్స్ ముక్కలుగా కత్తిరించి ఉంటాయి, చెంచాతోనే తినేయొచ్చు, చాప్‌స్టిక్స్ రానివాళ్ళకి వరం. సాటే అంటే పుల్లలకి గుచ్చి బొగ్గుల మీద కాల్చిన మాంసం, పల్లీల సాస్‌తో. దీనికి సాయంత్రం ఏడు దాటాక లావ్ పా సాత్‌కి వెళ్ళండి, 1894 నాటి ఇనప స్తంభాల మార్కెట్ బిల్డింగ్ అది, రాత్రయ్యేసరికి పక్క రోడ్డు మూసేసి బల్లలు వేసి బొగ్గుల పొయ్యిలు వెలిగిస్తారు, పొగా వాసనా అంతా చుట్టూ ఉన్న బ్యాంకుల టవర్ల మధ్యలో. అక్కడ ముందే వచ్చి ఆర్డర్ పెట్టించుకునేవాళ్ళు ఉంటారు, ఎన్ని పుల్లలు, మొత్తం ఎంత అని అడిగి ఓకే చెప్పండి.

పంది, బీఫ్ తినని వాళ్ళు ఆర్డర్‌కి ముందు అడగాలి. హలాల్ సర్టిఫికెట్ ఉన్న స్టాల్‌లో పంది ఉండదు, బీఫ్ ఉండొచ్చు. చార్ క్వే తియావ్ లాంటి వేపుడు నూడుల్స్‌లో పంది కొవ్వు వాడటం చాలా చోట్ల ఉంది, ముక్కలు కనపడవు కాబట్టి తెలియదు.

మేం ప్యూర్ వెజ్. మాకేమైనా ఉంటుందా లేక బ్రెడ్డేనా?

బ్రెడ్ కర్మ పట్టదు, నిశ్చింతగా రండి. ఈ విషయంలో సింగపూర్ చాలా మంచి ఊరు, కాకపోతే ఎక్కడ మోసపోతామో తెలిసుండాలి.

ముందు లిటిల్ ఇండియా. అక్కడ కోమల విలాస్ 1947 నుంచి ఉంది, దోశ, పూరీ, అరిటాకు భోజనం అన్నీ వెజ్జే. ఆంధ్రా భోజనం పెట్టే హోటళ్ళు కూడా ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి. కానీ రెండు రోజుల కోసం విమానమెక్కి వెళ్ళి మూడు పూటలా సాంబార్ తినడం నాకు సబబుగా అనిపించదు, ఒక్క పూట చాలు.

చైనీస్ వెజ్ తప్పకుండా తినండి. బౌద్ధుల వల్ల చైనీస్ శాకాహారం అక్కడ ఎప్పట్నించో ఉంది, చాలా స్టాల్స్‌లో ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు. బుగిస్ దగ్గర వాటర్‌లూ స్ట్రీట్‌కి వెళ్ళండి. అక్కడ క్వాన్ ఇమ్ అమ్మవారి చైనీస్ గుడి, దాని పక్కనే శ్రీకృష్ణుడి గుడి. చైనీస్ భక్తులు అక్కడ దణ్ణం పెట్టుకుని అదే చేత్తో కృష్ణుడి గుడి ముందు కూడా అగరొత్తులు వెలిగించి వెళ్తుంటారు. ఆ దృశ్యం చూడ్డానికైనా పది నిమిషాలు నిలబడాలి. దగ్గర్లోనే ఫార్చ్యూన్ సెంటర్ అని పాత బిల్డింగ్, కింద వరుసగా వెజ్ హోటళ్ళు, వెజ్ లక్సా, వెజ్ చికెన్ రైస్ పేరుతో సోయాతో చేసినవి అన్నీ అక్కడ దొరుకుతాయి.

ఇక జాగ్రత్తలు. మామూలు లక్సాలో రొయ్యలు తీసేయమన్నా పులుసులోనే ఎండు రొయ్యల ముద్ద ఉంటుంది. చికెన్ రైస్‌లో "చికెన్ వద్దు, రైస్ ఒక్కటే" అంటే ఆ అన్నం వండిందే కోడి నీళ్ళలో. కాయా టోస్ట్‌లో జామ్‌లా ఉండేదాంట్లో కొబ్బరిపాలు, పంచదారతో పాటు గుడ్డు ఉంటుంది. క్యారెట్ కేక్ అని బోర్డు ఉంటే అది స్వీట్ కాదు, ముల్లంగి, బియ్యప్పిండి ముక్కల్ని గుడ్డుతో వేయిస్తారు. రోటీ ప్రాటా (మన పరోటా లాంటిదే) ప్లెయిన్ అడిగినా పక్కన చేపల కూరో మటన్ కూరో పోసిస్తారు, ముందే "దాల్" అని చెప్పండి. "నో మీట్" అంటే చేప, రొయ్యా మీట్ కాదనుకునేవాళ్ళున్నారు, అందుకే మాంసం, చేప, రొయ్య, గుడ్డు అన్నీ పేరు పేరునా వద్దని చెప్పడం మేలు.

అక్కడి కాఫీ గురించి అందరూ చెప్తారు, ఎలా అడగాలి?

కోపీ అంటే కండెన్స్‌డ్ మిల్క్ వేసిన కాఫీ, బాగా తియ్యగా ఉంటుంది. కోపీ ఓ అంటే పాలు లేకుండా పంచదారతో. కోపీ సీ అంటే ఎవాపరేటెడ్ మిల్క్, పంచదార. వీటి చివర "కొసాంగ్" అంటే పంచదార లేకుండా, "సియూ దాయ్" అంటే తీపి తగ్గించి, "పెంగ్" అంటే ఐస్ వేసి. టీకి కూడా ఇదే లెక్క, కోపీ బదులు తే అనాలి. మన నాలుకకి కోపీ సీ సియూ దాయ్ బాగా కుదురుతుందని నా అభిప్రాయం. గింజల్ని పంచదార, వెన్న లాంటి కొవ్వుతో కలిపి నల్లగా వేయిస్తారు, పొడవాటి గుడ్డ సంచిలో పొడి వేసి, పొడవు ముక్కు ఉన్న పాత్రల్లోంచి పైనుంచి కిందకి పోస్తూ వడకడతారు, చిక్కగా చేదుగా ఉంటుంది, అందుకే అంత తియ్యటి పాలు కూడా దానికి సరిపోతాయి. పొద్దున్న టిఫిన్‌కి కోపీ, కాయా టోస్ట్, సగం ఉడికిన రెండు గుడ్లు, ఇదే అక్కడి లెక్క. గుడ్లు గిన్నెలో పగలగొట్టి సోయా సాస్, మిరియాల పొడి వేసి కలుపుకోవాలి, టోస్ట్ అందులో ముంచుకు తినేవాళ్ళూ ఉన్నారు.

సరే, రెండు రోజులకి ఒక ప్లాన్ చెప్పండి.

నేనైతే ఇలా వేస్తా. మొదటి రోజు పొద్దున చైనాటౌన్. ఎనిమిదిన్నరకల్లా శ్రీ మారియమ్మన్ గుడి చూసెయ్యండి, 1827లో కట్టింది, సింగపూర్‌లో అన్నిటికన్నా పాత హిందూ గుడి, మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి. అదే రోడ్డులో బుద్ధుడి దంతం ఉందని చెప్పే ఎర్రటి గుడి, లోపల ఫొటోల కన్నా పై అంతస్తులో తోట బాగుంటుంది. అది దాటితే మ్యాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్, పదకొండుకే తినెయ్యండి, పన్నెండింటికి ఆఫీసు జనం వచ్చారంటే టేబుల్ దొరకదు. తిన్నాక దగ్గర్లోనే సింగపూర్ సిటీ గ్యాలరీ ఉంది, ఊరు మొత్తానికి పెద్ద మోడల్ పెట్టారు, ప్రవేశం ఉచితం, ఏసీ ఉంటుంది (ఆదివారం గ్యాలరీ మూసేస్తారు). ఆ తర్వాత రూముకెళ్ళి పడుకోండి, నిజంగానే చెప్తున్నా. సాయంత్రం మెర్‌లయన్ (సింహం తల, చేప ఒళ్ళు ఉన్న విగ్రహం) దగ్గర మొదలుపెట్టి మెరీనా బే చుట్టూ నడిచి గార్డెన్స్ బై ద బేకి, రాత్రికి లావ్ పా సాత్.

రెండో రోజు పొద్దున్నే బొటానిక్ గార్డెన్స్, తర్వాత లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్. కింద కూరగాయలు, చేపల మార్కెట్, ఆ పక్కనే తిండి స్టాల్స్, ప్రాటా పెనం మీద పడే చప్పుడు వింటూ తినొచ్చు. మధ్యాహ్నం నేషనల్ గ్యాలరీ, పాత సుప్రీం కోర్టు, సిటీ హాల్ బిల్డింగుల్ని కలిపి మ్యూజియం చేశారు. సాయంత్రం కాంపాంగ్ గ్లామ్ అనే పాత మలయ్ ముస్లిం పేట. సుల్తాన్ మసీదు బంగారు గుమ్మటం కింద నల్లగా ఒక పట్టీ కనపడుతుంది, దగ్గరికెళ్ళి చూస్తే అవి గాజు సీసాల అడుగులు. మసీదు కట్టేటప్పుడు పేదవాళ్ళు కూడా తమ వంతు ఇవ్వాలని సీసాలు ఇస్తే వాటిని అలా పేర్చారు. నాకు ఆ ఊళ్ళో అన్నిటికన్నా ఇష్టమైన బిల్డింగ్ అదే. ఎదురుగానే ముర్తబాక్ తినొచ్చు, లోపల కీమా పెట్టి మడిచి కాల్చిన రొట్టె, ఒకటి ఇద్దరికి సరిపోతుంది.

డబ్బులు పెట్టకుండా చూసేవి ఏమున్నాయి?

చాలా ఉన్నాయి, అసలు మంచివన్నీ ఉచితమే అంటా. బొటానిక్ గార్డెన్స్ 1859లో మొదలైంది, 2015లో యునెస్కో లిస్టులోకి వచ్చింది, పొద్దున ఐదు నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు (లోపల ఆర్కిడ్ గార్డెన్‌కి మాత్రం ఉంది, పూలంటే ఇష్టముంటే పెట్టొచ్చు). గార్డెన్స్ బై ద బేలో అద్దాల డోమ్స్‌కి టికెట్, బయట సూపర్‌ట్రీస్ (చెట్ల ఆకారంలో కట్టిన పెద్ద టవర్లు) కింద తిరగడం ఉచితం. రాత్రి 7:45కి, 8:45కి ఆ చెట్లకి లైట్లు, పాటలతో షో వేస్తారు, జనం నేల మీద పడుకుని చూస్తారు, మీరూ పడుకోండి, నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది. మెరీనా బే సాండ్స్ హోటల్ ముందు నీళ్ళ మీద షో ఎనిమిదికీ తొమ్మిదికీ ఉంటుంది. 7:45 చెట్ల షో చూసి తొమ్మిదింటికి నీళ్ళ షోకి నడిచి వెళ్తే రెండూ అయిపోతాయి.

మెరీనా బే సాండ్స్ పైన స్విమ్మింగ్ పూల్‌కి టికెట్ ఉందా?

లేదు. ఆ హోటల్లో దిగినవాళ్ళకే. అబ్జర్వేషన్ డెక్‌కి టికెట్ కొని ఎక్కొచ్చు, కానీ అక్కడి నుంచి ఊళ్ళో అందరూ ఫొటో తీసే ఆ బిల్డింగే కనపడదు కదా.

సెంతోసా వదిలేస్తే పిల్లలు ఊరుకోరు.

అయితే రెండో రోజు మొత్తం దానికే ఇచ్చెయ్యండి, సగం రోజులో యూనివర్సల్ చూడాలనుకుంటే టికెట్ డబ్బులు దండగ. మొదటి రోజు ప్లాన్ అలాగే ఉంచి, రెండో రోజు రాత్రి తిండి మాత్రం హాకర్ సెంటర్‌లో తినండి. పిల్లలకి ఐస్ కచాంగ్ ఇప్పించండి, తురిమిన ఐస్ గుట్ట మీద రంగురంగుల సిరప్పులు, కింద రాజ్మా లాంటి గింజలు, జెల్లీ.

తిండికి రోజుకి ఎంత అవుతుంది?

హాకర్ సెంటర్‌లో ఒక ప్లేటు మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది సింగపూర్ డాలర్లు, కోపీ రెండు డాలర్ల లోపు. మూడు పూటలా అక్కడే తింటే మనిషికి పాతిక ముప్పై డాలర్లలో కడుపు నిండిపోతుంది. ఇద్దరుంటే ఒక్కో ప్లేటే తీసుకుని పంచుకోండి, అప్పుడు ఒక పూటకి మూడు నాలుగు రకాలు రుచి చూడొచ్చు, స్టాల్ వాళ్ళు ఏమీ అనరు.

రెస్టారెంట్లలో మెనూలో రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే పది శాతం సర్వీస్ చార్జ్, దాని మీద తొమ్మిది శాతం జీఎస్‌టీ కలుస్తాయని అర్థం. టేబుల్ మీద పెట్టే తడి టిష్యూకీ పల్లీలకీ కూడా బిల్లు వేసే చోట్లున్నాయి, వద్దంటే తీసేస్తారు. టిప్ ఇవ్వక్కర్లేదు. చిల్లీ క్రాబ్ తినాలనుంటే మాత్రం పీత బరువుని బట్టి రేటు, ఆ రోజు కిలో ఎంత, మన పీత ఎన్ని గ్రాములు అని ఆర్డర్‌కి ముందే అడగండి, ఒక్క పీతకే రెండు రోజుల తిండి ఖర్చు అయిపోవచ్చు. సాస్ అద్దుకోడానికి వేయించిన మాన్‌తౌ బన్స్ తెప్పించుకోండి, నిజానికి సాసే అసలు రుచి.

చేతిలో చిల్లర నోట్లు ఉంచుకోండి, చాలా స్టాల్స్ స్థానిక క్యూఆర్ యాప్‌లూ క్యాషే తీసుకుంటాయి.

తిరగడానికి ట్రావెల్ కార్డు కొనాలా?

కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్ కార్డు ఉంటే అదే మెట్రో గేట్ దగ్గర, బస్సులో ట్యాప్ చెయ్యొచ్చు. విదేశీ కార్డుకి రోజుకి చిన్న ఫీజు పడుతుంది, రెండు రోజులకి పెద్ద లెక్క కాదు. ఒక కార్డు ఒక మనిషికే, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే కార్డు ట్యాప్ చెయ్యాలి. ఎస్కలేటర్ మీద ఎడమ పక్క నిలబడండి. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలని తీసుకెళ్ళినా ఇబ్బంది ఉండదు, నడక మాత్రం తప్పదు.

ఏ నెలలో వెళ్ళాలి?

భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాదంతా ఒకటే వేడి, 31, 32 డిగ్రీలు. నవంబర్ నుంచి జనవరి వరకు వానలు ఎక్కువ. వాన చాలాసార్లు గంటా గంటన్నరలో కొట్టి పోతుంది, గొడుగు బ్యాగులో ఉంచి, వాన పడితే దగ్గర్లో ఉన్న హాకర్ సెంటర్‌లో కూర్చోండి. కుళాయి నీళ్ళు తాగొచ్చు, ఖాళీ బాటిల్ పట్టుకెళ్ళండి.

ఫైన్లు చాలా ఎక్కువంట కదా, దేనికి భయపడాలి?

మెట్రోలో తినడం, తాగడం చెయ్యకండి, మంచినీళ్ళు కూడా వద్దు, 500 డాలర్ల దాకా ఫైన్. ఘాటైన వాసన వచ్చే డ్యూరియన్ పండు లోపలికి తీసుకెళ్ళనివ్వరు, హోటళ్ళలోనూ వద్దంటారు, కొన్న చోటే నిలబడి తినేసి చేతులు కడుక్కోండి. చూయింగ్ గమ్ తీసుకెళ్ళకండి. ఎలక్ట్రానిక్ సిగరెట్లు, వేప్‌లు పూర్తిగా నిషేధం, ఇంటి దగ్గరే వదిలెయ్యాలి. మామూలు సిగరెట్లకి కూడా డ్యూటీ ఫ్రీ మినహాయింపు లేదు, ఒక్క ప్యాకెట్ తెచ్చినా కస్టమ్స్ రెడ్ చానల్‌లో చెప్పాలి.

వీసా, ఎరైవల్ కార్డు?

ఇండియన్ పాస్‌పోర్టుకి వీసా కావాలి, ఆథరైజ్డ్ ఏజెంట్ ద్వారా అప్లై చెయ్యాలి. ఎస్‌జీ ఎరైవల్ కార్డు (సింగపూర్‌లో దిగేవాళ్ళు నింపే ఫారం) దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం, డబ్బులడిగే సైట్ కనపడితే అది ప్రభుత్వానిది కాదు, వెంటనే బయటికి వచ్చెయ్యండి.

తిరుగు ఫ్లైట్ రాత్రికి. బ్యాగులతో ఏం చెయ్యాలి?

చెకవుట్ అయ్యాక హోటల్లోనే ఉంచమంటే సాధారణంగా ఉంచుతారు. లేదంటే మధ్యాహ్నమే చాంగీ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళి అక్కడ బ్యాగేజ్ స్టోరేజ్‌లో ఇచ్చి జ్యూయెల్ అనే మాల్‌లో తిరగండి. 2019లో తెరిచారు, టెర్మినల్ 1కి ఆనుకునే ఉంది, లోపల 40 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం, ప్రపంచంలో ఇండోర్ జలపాతాల్లో అన్నిటికన్నా ఎత్తైనది ఇదే. చీకటి పడ్డాక దాని మీద లైట్ల షో వేస్తారు. ఇమిగ్రేషన్ లోపలికి వెళ్ళిపోతే మళ్ళీ దీనికి రాలేరు, కాబట్టి చూశాకే లోపలికి వెళ్ళండి. ఆఖరి కాయా టోస్ట్ కూడా అక్కడే తినొచ్చు, కాయా సీసా కొంటే చెకిన్ బ్యాగులో పెట్టుకోండి, చేతి బ్యాగులో 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీలో తీసేస్తారు.